బ్రాంచీలను కలిపే లైన్: ఈథర్‌నెట్టా, ఎంపీఎల్‌ఎస్సా, పాత లీజ్డ్ లైనా?

మీ హెడ్డాఫీసు విజయవాడలో ఉంది, బ్రాంచీలు గుంటూరు, ఏలూరు, రాజమండ్రిలో ఉన్నాయి అనుకుందాం. వాటిని కలిపే లైన్ కోసం మూడు కంపెనీలను అడిగారు. ఒకాయన "లీజ్డ్ లైన్ సార్, ఢోకా ఉండదు" అన్నాడు. రెండో ఆయన "ఎంపీఎల్‌ఎస్ తీసుకోండి, అందరూ అదే వాడుతున్నారు" అన్నాడు. మూడో ఆయన "మా మెట్రో ఈథర్‌నెట్ చూడండి, రేటు కలిసొస్తుంది" అన్నాడు. లీజ్డ్ లైన్ అంటే మీ ఒక్కరికే అద్దెకిచ్చే లైన్. ఎంపీఎల్‌ఎస్ అంటే డేటా ముక్కలకి (ప్యాకెట్లకి) చీటీలు అంటించి ఆపరేటర్ తన నెట్‌వర్క్‌లో దారి పట్టించే పద్ధతి. ఈథర్‌నెట్ అంటే ఆఫీసులో కంప్యూటర్లను కలిపే మామూలు నెట్‌వర్క్ పద్ధతి. తీరా ఇన్‌స్టాలేషన్ రోజున ముగ్గురూ తెచ్చి పెట్టేది ఒకటే: ఒక చిన్న ఫైబర్ డబ్బా, దాని నుంచి మీ రౌటర్‌కి మామూలు నెట్‌వర్క్ కేబుల్. బయటికి మూడూ ఒకేలా ఉంటాయి. లైన్ పడిపోయినప్పుడో, బ్రాంచీలు పెరిగినప్పుడో లోపలి తేడా బయటపడుతుంది.

పదిహేనేళ్లుగా ఇలాంటి లైన్లు పెట్టించడం, అవి పడిపోతే లేపించడం నా పని. ఈథర్‌నెట్ పోర్ట్ ఇచ్చారు కాబట్టి ఈథర్‌నెట్ సర్వీసు ఇచ్చారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆపరేటర్లు ఈథర్‌నెట్‌కి మారింది ముందు వాళ్ల ఖర్చు తగ్గించుకోవడానికి. ఆ లాభంలో మీ వంతు ఎంత, ఆ మార్పుతో మీ నెత్తిన పడిన కొత్త బాధ్యత ఏమిటి అన్నది తెలుసుకుని సంతకం పెట్టాలి. అందుకే ముందు వాళ్లెందుకు మారారో చూసి, తర్వాత ఎంపికకి వద్దాం.

ఆపరేటర్లు ఎందుకు మారారు

పాత లీజ్డ్ లైన్ ఫోన్ కాల్స్ కోసం పుట్టిన లెక్క. ఒక కాల్‌కి 64 కేబీపీఎస్. అలాంటివి 32 కలిపితే ఒక ఈ1, అంటే 2.048 ఎంబీపీఎస్. పైకి వెళ్తే డీఎస్3 అని 45 ఎంబీపీఎస్, ఆ తర్వాత ఎస్‌టీఎం-1 అని 155 ఎంబీపీఎస్. మీకు 60 కావాలంటే 45 చాలదు, 155కి డబ్బు కట్టాలి. 3 కావాలంటే రెండు ఈ1లు తీసుకుని రెండు చివర్లా కట్టకట్టాలి. మెట్టు మారినప్పుడల్లా రౌటర్‌లో కార్డు మారుతుంది, కేబుల్ మారుతుంది, కొత్త ఆర్డర్ పెట్టి వారాల తరబడి ఎదురుచూడాలి.

ఆ రోజుల్లో 2 ఎంబీపీఎస్ అంటే చిన్న విషయం కాదు. ప్రభుత్వాఫీసులను కలపడానికి 2005లో కేంద్రం ఆమోదించిన స్టేట్ వైడ్ ఏరియా నెట్‌వర్క్ పథకంలో రాష్ట్ర రాజధాని నుంచి జిల్లా కేంద్రానికి, అక్కడి నుంచి మండలానికి కనీసం 2 ఎంబీపీఎస్ అని పెట్టుకున్నారు. అంటే ఒక్కో లింక్‌కి ఒక్కో ఈ1. ఇవాళ ఒక ఇంట్లో పిల్లాడి ఫోన్‌లో నడిచే వీడియోకే అది చాలదు.

ఈథర్‌నెట్ పుట్టింది ఆఫీసు గదుల్లో. 1973లో జిరాక్స్ కంపెనీ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ మొదలుపెట్టారు, 1983లో ఇంజనీర్ల సంస్థ ఐట్రిపుల్‌ఈ ప్రమాణం వచ్చింది. మొదట్లో అందరూ ఒకే కేబుల్ పంచుకునేవాళ్లు, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఢీకొనేది, అందుకే దూరం పోలేకపోయేది. స్విచ్‌లు, రెండు వైపులా ఒకేసారి మాట్లాడనిచ్చే ఫుల్ డూప్లెక్స్, ఫైబర్ వచ్చాక ఆ ఇబ్బంది పోయింది. 1998లో గిగాబిట్, 2002లో 10 గిగాబిట్ వచ్చాయి. ఆ 10 గిగాబిట్ ప్రమాణంలోనే దూరాలకి వాడే సింగిల్ మోడ్ ఫైబర్ మీద 40 కిలోమీటర్లు వెళ్లే రకం ఉంది. ఆఫీసు గదిలో పుట్టింది ఊళ్లు దాటడం మొదలుపెట్టింది.

మారడానికి అన్నిటికంటే పెద్ద కారణం పోర్ట్ ధర. ఎస్‌టీఎం కార్డును టెలికాం కంపెనీలే కొంటాయి. ఈథర్‌నెట్ చిప్‌ను ఇళ్లు, కాలేజీలు, ఆస్పత్రులు, డేటా సెంటర్లు అన్నీ కొంటాయి. కోట్లలో తయారయ్యే వస్తువు రేటు ఎలా దిగుతుందో తెలిసిందే కదా. అదే వేగానికి ఈథర్‌నెట్ పోర్ట్ చాలా చవగ్గా దొరుకుతుంటే ఏ ఆపరేటరైనా ఎన్నాళ్లు ఆగుతాడు?

రెండో కారణం, వేగం పెంచడం. కస్టమర్‌కి ఒకసారి 1 జీబీపీఎస్ పోర్ట్ పెట్టేస్తే, అందులో 10 ఇవ్వాలన్నా 20 ఇవ్వాలన్నా 300 ఇవ్వాలన్నా ఆపరేటర్ తన ఆఫీసులో కూర్చుని ఒక నంబరు మారుస్తాడు. మనిషిని పంపక్కర్లేదు, కార్డు మార్చక్కర్లేదు. ఇది మీక్కూడా నేరుగా లాభమే.

మూడోది సెల్ టవర్లు. 2జీ రోజుల్లో ఒక టవర్‌కి ఒకటో రెండో ఈ1లు సరిపోయేవి. 4జీలో కాల్ కూడా ఐపీ ప్యాకెట్ల మీదే నడుస్తుంది. 2016 సెప్టెంబరులో జియో 2జీ, 3జీ లేకుండా నేరుగా 4జీతోనే మొదలైంది. ఒక టవర్‌కి 200 ఎంబీపీఎస్ ఇవ్వాలంటే ఈ1 లెక్కలో దాదాపు వంద లైన్లు కావాలి. అన్నేసి ఈ1లు ఏ టవర్ దగ్గరా వేయలేరు. టవర్ల కోసం వేసిన ఫైబర్, పెట్టిన ఈథర్‌నెట్ స్విచ్‌లే ఇవాళ మీ ఆఫీసు లైన్‌ని కూడా మోస్తున్నాయి.

ఇన్ని లాభాలున్నా మొదట్లో ఆపరేటర్లు వెనకాడారు, దానికీ కారణం ఉంది. ఎస్‌డీహెచ్ (ఈ1, ఎస్‌టీఎం లైన్లను మోసే పాత టెలికాం నెట్‌వర్క్) రింగులో ఒకచోట ఫైబర్ తెగితే 50 మిల్లీసెకన్లలో అవతలి దారికి మారిపోయేది, కాల్‌లో ఉన్నవాడికి తెలిసేది కూడా కాదు. లైన్ ఎక్కడ తెగిందో అక్కడికక్కడే అలారం వచ్చేది. ఆఫీసు ఈథర్‌నెట్‌కి ఈ రెండూ చేతకావు. పైగా వీల్యాన్ అంటే ఒకే తీగ మీద వేర్వేరు నెట్‌వర్క్‌లను విడదీసే నంబరు; ఒక కస్టమర్ వీల్యాన్ 10 వాడుతుంటే, పక్క కస్టమరూ 10 వాడితే రెండూ కలిసిపోవా? వీల్యాన్ నంబర్లు చూస్తే 4,094 మించవు.

ఆ లోటు ఒక్కొక్కటిగా తీరింది. వీల్యాన్ మీద ఇంకో వీల్యాన్ ట్యాగ్ వేసే క్యూ-ఇన్-క్యూ వచ్చింది. ఆర్టీసీ కార్గోలో మన కవరును వాళ్ల గోతాంలో వేసి పైన వాళ్ల చీటీ అంటించినట్టు, దారిలో అందరూ పై చీటీనే చూస్తారు, లోపలి నంబరు మనిష్టం. ఆ తర్వాత ఏకంగా కోటీ అరవై లక్షలకు పైగా సర్వీసులను గుర్తించగల మ్యాక్-ఇన్-మ్యాక్ వచ్చింది. లైన్ ఎక్కడ తెగిందో కనిపెట్టే 802.1ఏజీ 2007లో వచ్చింది, ఆలస్యం ఎంతో, దారిలో ప్యాకెట్ల నష్టం ఎంతో కొలవడానికి వై.1731 వచ్చింది, రింగును 50 మిల్లీసెకన్లలో మార్చడానికి జి.8032 వచ్చింది. 2001లో ఏర్పడిన మెట్రో ఈథర్‌నెట్ ఫోరం ఈ సర్వీసులకి పేర్లు పెట్టింది, కొలతలు పెట్టింది. ఆ పేర్లే మీ కొటేషన్‌లో కనిపించే ఈ-లైన్, ఈ-ల్యాన్.

కొటేషన్‌లో ఉండే రకాలు

పాత ఈ1 లీజ్డ్ లైన్ గురించి ఎక్కువ చెప్పను. కొత్తగా పెట్టుకునేవాళ్లకి అది అవసరం లేదు. కరెంటు సబ్‌స్టేషన్ల మధ్య రక్షణ సంకేతాల లాంటి పనులకి, ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉండాల్సిన చోట దానికి ఇంకా విలువుంది. మామూలు ఆఫీసు పనికి మాత్రం అది భారమే. ఒక్క లెక్క చూడండి. 1500 బైట్ల ప్యాకెట్ ఒకటి ఈ1 మీదికి ఎక్కడానికే దాదాపు 6 మిల్లీసెకన్లు పడుతుంది. 100 ఎంబీపీఎస్ పోర్ట్ మీద అది 0.12 మిల్లీసెకను. ఫైబర్‌లో వెలుతురుకి హైదరాబాద్ నుంచి విజయవాడ చేరడానికి ఒకటిన్నర మిల్లీసెకను చాలు. అంటే ఈ1లో ప్రయాణం కంటే బండెక్కడానికే ఎక్కువ టైమ్.

ఈ-లైన్ అంటే రెండు చివర్లు, మధ్యలో ఒక తాడు. ఇటు పెట్టిన ఫ్రేమ్ (ఈథర్‌నెట్ డేటా కట్ట) అటు వస్తుంది. ఐపీ అడ్రసులు మీవి, రౌటింగ్ (ఏది ఏ దారిన వెళ్లాలో తేల్చడం) మీది, ఆపరేటర్ మీ అడ్రసుల జోలికి రాడు. హెడ్డాఫీసుకి, డేటా సెంటర్‌కి మధ్య, ఫ్యాక్టరీకి, గోడౌన్‌కి మధ్య దీన్ని మించింది లేదు. బ్రాంచీలు పెరిగితే ఒక్కోదానికి ఒక్కో ఈ-లైన్ వేసి హెడ్డాఫీసులో అన్నిటినీ ఒకే పోర్ట్ మీద వేర్వేరు వీల్యాన్లుగా దింపుకోవచ్చు. పది దాకా ఇది హాయిగా నడుస్తుంది.

ఈ-ల్యాన్ అంటే ఊళ్లన్నీ కలిపి ఒకే స్విచ్‌కి కట్టినట్టు. వినడానికి ఎంతో బాగుంటుంది: ఏ బ్రాంచి నుంచి ఏ బ్రాంచికైనా నేరుగా వెళ్లొచ్చు. ఇక్కడే నా మనసుకి గుచ్చుకున్న ఒక అనుభవం చెప్తాను. ఎనిమిది చోట్ల షోరూములున్న ఒక సంస్థకి ఇలాగే ఈ-ల్యాన్ పెట్టించాం. షోరూముల్లో రౌటర్లు వద్దు, స్విచ్‌లు చాలు, ఖర్చు తగ్గుతుంది అనుకున్నారు, నేనూ గట్టిగా కాదనలేదు. ఒక శనివారం సాయంత్రం ఒక షోరూములో టేబుల్ జరిపినప్పుడు కింద పడి ఉన్న కేబుల్‌ని ఎవరో మంచికే అనుకుని గోడలో ఖాళీగా కనిపించిన పోర్ట్‌లో పెట్టారు. దాని రెండో కొస అప్పటికే అదే స్విచ్‌లో ఉంది. లూప్ పడింది, అంటే డేటా అదే చుట్టులో తిరుగుతూ పెరిగిపోయింది. నిమిషం తిరక్కుండా ఎనిమిది షోరూముల్లో బిల్లింగ్ ఆగిపోయింది. ఏ ఊళ్లో తప్పు జరిగిందో కనుక్కోవడానికి ఒక్కో లైన్ పీకుకుంటూ పోవాల్సి వచ్చింది, రెండు గంటలు పట్టింది. కౌంటర్ల దగ్గర జనం నిలబడి ఉన్నారు, ఫోన్ మీద ఫోన్, ఆ టెన్షన్ నాకింకా గుర్తుంది. అప్పటి నుంచి నా నియమం ఒకటే: బ్రాంచీల కోసం ఈ-ల్యాన్ తీసుకుంటే ప్రతి చివరా రౌటర్ ఉండాలి. స్విచ్‌ని నేరుగా కట్టకూడదు. ఆపరేటర్ వైపు బ్రాడ్‌కాస్ట్‌కి (అందరికీ ఒకేసారి వెళ్లే ఫ్రేములకి) పరిమితి పెట్టారా, మ్యాక్ అడ్రసులు (ఒక్కో పరికరం గుర్తింపు నంబర్లు) ఎన్నింటిదాకా ఒప్పుకుంటారు అని కూడా ముందే అడగాలి.

లేయర్-3 ఎంపీఎల్‌ఎస్ వీపీఎన్‌లో రౌటింగ్ పని ఆపరేటర్ చేస్తాడు. మీ బ్రాంచి నెట్‌వర్క్‌లన్నీ అతని రౌటర్లకి తెలుస్తాయి. ఒక ఊళ్లో లూప్ పడినా అది ఆ ఊరి గడప దాటదు. వాయిస్‌కి ఒక తరగతి, బిల్లింగ్‌కి ఒక తరగతి అని దారిపొడుగునా ముందువరస ఇప్పించుకోవచ్చు. చిక్కేమిటంటే, కొత్త సబ్‌నెట్ (ఐపీ అడ్రసుల గుంపు) పెట్టాలన్నా టికెట్ రైజ్ చేసి ఎదురుచూడాలి. మీ దగ్గర నెట్‌వర్క్ మనిషి లేకపోతే ఇది వరం, ఉంటే కొన్నిసార్లు చిరాకు.

ఇక మామూలు బ్రాడ్‌బ్యాండ్ మీద ఎన్‌క్రిప్ట్ చేసిన టన్నెల్, అంటే ఎస్‌డీ-వ్యాన్ లేదా ఐపీసెక్. చిన్న బ్రాంచికి ఇది బాగా సరిపోతుంది. రెండు వేర్వేరు కంపెనీల బ్రాడ్‌బ్యాండ్‌లు, పైన ఒక 4జీ సిమ్ పెట్టుకుంటే చాలాచోట్ల ఒంటరి లీజ్డ్ లైన్ కంటే నయం. అయితే సాయంత్రం పూట వేగం ఎంత ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వరు.

మీకు ఏది?

రెండే చోట్లు కలపాలి, డేటా ఎక్కువ, నెట్‌వర్క్ తెలిసిన మనిషి ఉన్నాడు: ఈ-లైన్ తీసుకోండి, ఇంకేం ఆలోచించక్కర్లేదు. పదిలోపు బ్రాంచీలు, పనంతా హెడ్డాఫీసు సర్వర్‌తోనే: ఒక్కో బ్రాంచికి ఈ-లైన్, లేదా హెడ్డాఫీసుకి ఈథర్‌నెట్, చిన్న బ్రాంచీలకి బ్రాడ్‌బ్యాండ్ టన్నెల్. నేను ఎక్కువసార్లు చెప్పేది ఈ రెండోదే, చిన్న బ్రాంచి మీద పెద్ద లైన్ పెట్టడం డబ్బు దండగ. ముప్పై నలభై బ్రాంచీల సహకార బ్యాంకో, ఫైనాన్స్ కంపెనీయో అయితే లేయర్-3 ఎంపీఎల్‌ఎస్ వైపు వెళ్లండి, ఆ రౌటింగ్ అంతా మీరు మోయలేరు. రెండుకి మించిన డేటా సెంటర్ల మధ్య సర్వర్లు ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలంటేనే ఈ-ల్యాన్ గురించి ఆలోచించండి.

ఊళ్లో కేబుల్, ఇంటర్నెట్ నడుపుకునే ఆపరేటర్లకి ఒక మాట. పెద్ద కంపెనీ నుంచి బ్యాండ్‌విడ్త్ తెచ్చుకోవడానికి మీకు ఈ-లైన్ సరైనది. 1 జీబీపీఎస్ నిండకముందే 10 జీబీపీఎస్ పోర్ట్ అడిగి పెట్టించుకోండి. పోర్ట్ పెద్దదిగా ఉంటే తర్వాత వేగం పెంచడం ఒక ఈమెయిల్ పని.

సంతకం ముందు అడగాల్సినవి

మొదటిది, పోర్ట్ వేగం ఎంత, హామీ వేగం ఎంత. ఈ హామీ వేగాన్నే సీఐఆర్ అంటారు. "అప్‌టు 100" అని రాసి సీఐఆర్ గడి ఖాళీగా వదిలిన కొటేషన్‌ని పక్కన పెట్టేయండి.

దీంతోపాటే ఉండే ఇంకో చిక్కు దగ్గర నేను స్వయంగా రెండు రోజులు తలపట్టుకున్నాను. ఒక స్కానింగ్ సెంటర్ నుంచి ఆస్పత్రికి 50 ఎంబీపీఎస్ ఈ-లైన్. 400 ఎంబీ ఉన్న సీటీ ఫైలు పంపితే సెకనుకి 2 ఎంబీ చొప్పున పాకుతోంది, మూడు నిమిషాలు దాటుతోంది. అవతల డాక్టరు స్క్రీన్ ముందు కూర్చుని ఉన్నారు. ఆపరేటర్ మనిషి మీటరు పెట్టి చూపించాడు: 50కి 50 వస్తోంది. అతను అబద్ధం చెప్పలేదు, మేమూ చెప్పలేదు. విషయం ఏమిటంటే మా రౌటర్ నుంచి డబ్బాకి ఉన్నది 1 జీబీపీఎస్ పోర్ట్. రౌటర్ ప్యాకెట్లను ఆ వేగంతోనే గుంపుగా తోసేస్తుంది. ఆపరేటర్ దగ్గర కాపలా ఉండే పోలీసర్ 50 దాటిన గుంపును అక్కడికక్కడే పారేస్తుంది. పారేసిన ప్రతిసారీ, ఫైలును మోసే టీసీపీ అనే పద్ధతి భయపడి వేగం తగ్గించుకుంటుంది. మీటరు ప్యాకెట్లను సమంగా పంపుతుంది కాబట్టి దానికి ఏ అడ్డూ లేదు. రెండు చివర్లా రౌటర్ బయటికి వెళ్లే వైపు 48 ఎంబీపీఎస్‌కి షేపింగ్ (ప్యాకెట్లను ఆపి ఆపి వదలడం) పెట్టాం. ప్యాకెట్లు గుంపుగా కాకుండా వరసలో వెళ్లడం మొదలైంది, అదే ఫైలు నిమిషం పైచిలుకులో చేరింది. లైన్‌కి పైసా అదనంగా కట్టలేదు. పాత ఈ1లో ఈ బాధ లేదు, ఎందుకంటే పోర్టే 2 ఎంబీపీఎస్. ఈథర్‌నెట్‌తో మీ నెత్తిన పడిన కొత్త బాధ్యత అని మొదట్లో అన్నది దీన్నే. ఒప్పందంలో బర్స్ట్ సైజ్, అంటే ఒక్కసారిగా ఎంత గుంపును రానిస్తారో, రాయించుకోండి, మీ వైపు షేపింగ్ తప్పకుండా పెట్టుకోండి.

రెండోది, ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్ ఎంత పెద్దదిగా ఉండొచ్చో ఆ కొలత. పింగ్ (అవతలి చివర పలుకుతోందా అని చూసే ప్యాకెట్) వెళ్తుంది కానీ అప్లికేషన్ తెరుచుకోదు, లాగిన్ పేజీ సగంలో ఆగిపోతుంది అంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. లైన్ అప్పగించే రోజునే, ముక్కలు చేయొద్దు అనే గుర్తుతో 1472 బైట్ల పింగ్ కొట్టి చూడండి. దానికి 28 బైట్ల హెడర్లు కలిస్తే 1500 అవుతుంది. అది వెళ్లి తిరిగి రాకపోతే లైన్ తీసుకున్నట్టు సంతకం పెట్టకండి. మీ సొంత వీల్యాన్ ట్యాగులు పంపేట్టయితే ఫ్రేమ్ 1522 బైట్లు అవుతుంది, అది కూడా ఒప్పుకుంటారో లేదో అడగండి.

మూడోది, అప్పగింత రిపోర్టు. వై.1564 పరీక్ష అని ఒకటుంది, 2011లో వచ్చింది. హామీ వేగం, ఆలస్యం, జిట్టర్ (ఆలస్యంలో హెచ్చుతగ్గులు), నష్టం అన్నీ ఒకేసారి కొలుస్తుంది. ఒట్టి స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోకండి.

నాలుగోది, ఎస్‌ఎల్‌ఏలో, అంటే సర్వీసు హామీ ఒప్పందంలో, శాతాలు. 99.5 శాతం అని రాస్తే ఎంతో బాగుందనిపిస్తుంది. నెలకి 720 గంటల్లో అది 3 గంటల 36 నిమిషాలు లైన్ లేకపోయినా అడగడానికి లేదని అర్థం. 99.9 అయితే 43 నిమిషాలు. ఆ లెక్కలో కస్టమర్ దగ్గరికి వచ్చే చివరి ముక్క కలిసి ఉందా లేదా చూసుకోండి, చాలా ఒప్పందాల్లో అది ఉండదు. నిజానికి తెగేది ఎక్కువగా ఆ చివరి ముక్కే.

ఇంకో సంగతి. ఈథర్‌నెట్ పోర్ట్ వెనకాల నిజంగా ఏం నడుస్తోందో సూటిగా అడగండి: పాత ఎస్‌డీహెచ్ మీద ఎక్కించిన ఈథర్‌నెట్టా, క్యూ-ఇన్-క్యూనా, ఎంపీఎల్‌ఎస్ మీద తాడులా నడిచే సూడోవైరా? ఏదైనా పనిచేస్తుంది. కానీ ఎస్‌డీహెచ్ మీదదైతే 10ని 200 చేయమన్నప్పుడు మళ్లీ కార్డులు, మళ్లీ వారాలు. మీరు ఈథర్‌నెట్ ఎంచుకున్న కారణమే పోతుంది.

చివరిది బ్యాకప్. రెండు కంపెనీల నుంచి రెండు లైన్లు తీసుకుని ధీమాగా ఉన్న ఆఫీసులు ఎన్నో చూశాను. రోడ్డు వెడల్పు పనిలో జేసీబీ ఒక్క గంటు వేస్తే రెండూ ఒకేసారి పోయాయి, ఎందుకంటే రెండు ఫైబర్లూ ఒకే గొట్టంలో ఉన్నాయి. కోస్తాలో ఇంకో బాధ. ఇక్కడ చాలా ఫైబర్ కరెంటు స్తంభాల మీదుగా వేలాడుతూ వెళ్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు స్తంభాలు ఎలా పడిపోయాయో చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఒకటి భూమిలోంచి వస్తే రెండోది గాలిలోంచి, అంటే మైక్రోవేవ్ లేదా 4జీ మీద రావాలి. కొటేషన్ ఇచ్చిన ఇద్దరినీ రూట్ మ్యాప్ అడగండి. ఇవ్వకపోతే వాళ్ల ఫీల్డ్ మనిషి సర్వేకి వచ్చిన రోజున అతనితో పాటు బయటికి వెళ్లి, కేబుల్ మీ బిల్డింగ్‌లోంచి ఏ వైపు దిగుతుందో, ఏ స్తంభం ఎక్కుతుందో, ఏ మ్యాన్‌హోల్‌లోకి వెళ్తుందో మలుపు దాకా నడిచి చూసి రండి.